మన విభక్తులు – ఇంగ్లీషు ప్రిపొజిషన్లు
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బై అయిదేండ్లు నిలిచిందంటే అది సామాన్యమైన విషయం కాదు. అందులోనూ తమిళ దేశం నడిబొడ్డున, ఈ నల్లరేగడి నేలమీద, తెలుగులో పాఠాలు చెప్పే పాఠశాల నిలవడం మరింత గొప్ప విషయం. అందుకు కారకులైన వారిని స్తుతించడానికి నాకంటె పెద్దలు ఈ వేదికమీద ఉన్నారు. నిర్వాహకులు నన్ను భాషను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తెలుగు ఎంత తీయనిదో చెప్పే ప్రసంగాలు మీరు చాలా విని ఉంటారు. నేను ఈనాడు చాలా చిన్న విషయం ఎన్నుకొన్నాను. ఇంగ్లీషులో 'ఇన్', 'ఆన్', 'ఎట్', 'బై', 'విత్', 'సిన్స్', 'ఫర్' అనే చిన్న చిన్న మాటలు ఉన్నాయి. వీటిని ప్రిపొజిషన్లు అంటారు. ఏ చోట ఏది వాడాలి అన్నదే నా విషయం.

ఇంత శుభసందర్భంలో ఇంగ్లీషు వ్యాకరణమేమిటని కొందరికి తోచవచ్చు. కారణం ఉన్నది. తెలుగు మాధ్యమంలో బిడ్డను చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు గడపలోనే అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ చదివితే మావాడికి ఇంగ్లీషు వస్తుందా?" ఈ ప్రశ్నకు సరైన సమాధానం చెప్పలేకపోతే, ఎన్ని జూబిలీలు చేసుకొన్నా తరగతి గదులు నిండవు. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడులో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైనది. అది ఒకటవ తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి వచ్చినది. కనుక మన పిల్లవాడు తెలుగు, తమిళం, ఇంగ్లీషు అనే మూడు భాషలను ఒకేసారి మోయాలి. ఈ మోతలో దేనినో ఒకదానిని దించుకోవాలని చూసే తల్లిదండ్రులు ముందుగా దించేది తెలుగునే. తెలుగు ఇంగ్లీషుకు అడ్డు అన్న భయమే దీనికి మూలం. ఆ భయంలో ఎంత నిజమున్నదో ఈ చిన్న మాటలను తూకం రాళ్ళుగా పెట్టుకొని చూద్దాం.

ముందు మాటలు, వెనుక మాటలు

ప్రిపొజిషన్ అనే పేరు లాటిన్ నుండి వచ్చినది. 'ముందు ఉంచబడినది' అని అర్థం. నామవాచకానికి ముందు నిలిచి, దానికి వాక్యంలోని తక్కిన మాటలతో ఉన్న సంబంధాన్ని చెబుతుంది. మన భాషలో ఈ పనిని విభక్తి ప్రత్యయాలు చేస్తాయి. అయితే అవి నామవాచకానికి వెనుక చేరుతాయి. 'ఇన్ ది హౌస్' అన్నచోట మనం 'ఇంటిలో' అంటాం. ఇంగ్లీషువాడు గడపముందు కాపలావాణ్ణి నిలబెడితే, మనం పెరటివైపు నిలబెడతాం. పని ఒక్కటే.

ఈ వెనుక మాటల అమరిక తెలుగుకు మాత్రమే సొంతం కాదు. తమిళం, కన్నడం, మలయాళం అన్నింటిలోనూ ఇంతే. ఈ భాషలన్నీ ఒకే కుటుంబానివని 1816లో ఎల్లిస్ దొర చెన్నపట్టణంలో చూపాడు. 1856లో కాల్డ్వెల్ దొర తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో దానిని విస్తరించి నిరూపించాడు. ఆ కాల్డ్వెల్ నివసించినది మన పొరుగు తిరునెల్వేలి సీమలోని ఇడైయంగుడిలో. మన విభక్తులను ఏడుగా విభజించి బాలవ్యాకరణంలో శాస్త్రీకరించిన పరవస్తు చిన్నయసూరి పుట్టినదీ, ఉద్యోగం చేసినదీ నేటి తమిళనాడులోనే. కనుక విభక్తుల చర్చకు ఈ నేల కొత్తది కాదు.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఒక భాషలోని ఒక ప్రత్యయానికి మరొక భాషలో ఒకే ఒక్క మాట సాటిగా ఉంటుందని పిల్లవాడు అనుకోవడంలో వస్తుంది. 'లో' అంటే 'ఇన్', 'మీద' అంటే 'ఆన్', 'తో' అంటే 'విత్', 'నుండి' అంటే 'సిన్స్' అని ఎక్కాలవలె వల్లిస్తాడు. కొన్నిచోట్ల ఆ లెక్క సరిపోతుంది, కొన్నిచోట్ల తప్పుతుంది. అందుచేత ఈ మాటలను నేను మూడు తెగలుగా విడదీసి చెబుతాను. తెలుగు నేరుగా దారి చూపేవి మొదటి తెగ. తెలుగులోని ఒక్క దారి ఇంగ్లీషులో రెండు మూడుగా చీలేవి రెండవ తెగ. తెలుగు దారి చూపలేనివి, గుర్తు పెట్టుకోక తప్పనివి మూడవ తెగ.

తెలుగు దారి చూపే చోట్లు

కాలాన్ని చెప్పే మాటలతో ఆరంభిద్దాం. 'ఎట్', 'ఆన్', 'ఇన్' అనే మూడింటి మధ్య పిల్లలు తడబడతారు. కాని మన భాషలోనే ఈ మూడు అంతస్తులు ఉన్నాయని ఎవరూ వారికి చెప్పరు. మనం 'అయిదు గంటలకు' అంటాం. 'పదిహేనవ తేదీన' అంటాం. 'జులై నెలలో', '1903లో' అంటాం. గంటకు 'కు', తేదీకి 'న', నెలకూ సంవత్సరానికీ 'లో'. ఇంగ్లీషువాడూ సరిగ్గా ఇంతే చేస్తాడు. గంటకు 'ఎట్', తేదీకి 'ఆన్', నెలకూ సంవత్సరానికీ 'ఇన్'. 'కు' అన్నచోట 'ఎట్', 'న' అన్నచోట 'ఆన్', 'లో' అన్నచోట 'ఇన్' పెట్టుకొంటే పదింట తొమ్మిదిచోట్ల తప్పు రాదు.

విరుదునగరం బిడ్డలందరికీ తెలిసిన తేదీతో దీనిని చూడండి. కామరాజు గారు '1903లో' జన్మించారు: 'కామరాజ్ వాస్ బార్న్ ఇన్ 1903'. 'జులై నెలలో' జన్మించారు: 'ఇన్ జులై'. '1903 జులై 15వ తేదీన' జన్మించారు: 'ఆన్ 15 జులై 1903'. తేదీ వచ్చిన తరువాత నెలకూ సంవత్సరానికీ మరల 'ఇన్' అక్కరలేదు. తెలుగులో కూడ మనం '1903లో జులైలో 15వ తేదీన' అని సాగదీయం కదా!

మిగిలిన పదవ చోటు ఏదంటే, తెలుగులో ప్రత్యయం లేకుండా వాడే మాటలు. 'ఉదయం వచ్చాడు', 'రాత్రి వచ్చాడు', 'సోమవారం వచ్చాడు' అంటాం. ఇక్కడ ప్రత్యయం లేదు కనుక దారి చూపదు. ఇంగ్లీషులో 'ఇన్ ది మార్నింగ్', 'ఎట్ నైట్', 'ఆన్ మండే' అనాలి. 'సోమవారం ఉదయం' అన్నప్పుడు రోజుదే పైచేయి కనుక 'ఆన్ మండే మార్నింగ్' అవుతుంది. 'లాస్ట్', 'నెక్స్ట్', 'దిస్', 'ఎవ్రీ' అనే మాటలు ముందుంటే మాత్రం ప్రిపొజిషన్ రాదు: 'హి కేమ్ లాస్ట్ మండే'. ఇక్కడ 'ఆన్ లాస్ట్ మండే' అని రాసేవారు చాలామంది ఉన్నారు.

తెలుగు చక్కగా దారి చూపే రెండవ చోటు 'బై', 'టిల్' అనే జంట. దీనిలో పొరపాటు జరిగితే మార్కులే కాదు, డబ్బు కూడ పోవచ్చు. అగ్గిపెట్టెల వ్యాపారానికి, వేరుసెనగ మిఠాయికి పేరుపొందిన కోవిల్‌పట్టిలో, నూనె, పప్పు, మిరపకాయల వర్తకానికి పేరుపొందిన విరుదునగరంలో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు దీనిని బాగా గమనించాలి. 'శుక్రవారం లోగా సరుకు పంపుతాము' అంటే ఆ రోజుకు పని పూర్తవుతుందని. దానికి 'బై ఫ్రైడే' అనాలి. 'శుక్రవారం వరకు సరుకు పంపుతాము' అంటే ఆ రోజు దాకా పంపుతూనే ఉంటామని. దానికి 'టిల్ ఫ్రైడే' అనాలి. 'లోగా' అనవలసినచోట 'వరకు' అనే తెలుగువాడు లేడు. అంత స్పష్టమైన భేదం మన నాలుకమీద ఉండగా, ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'వి విల్ సెండ్ ది గూడ్స్ టిల్ ఫ్రైడే' అని రాస్తే, కొనుగోలుదారుడు అసలు విషయం తెలియక తికమకపడతాడు. ఉద్యోగానికి దరఖాస్తు 'బై 30 జూన్' చేరాలి అంటే 30వ తేదీ చివరి గడువు. కార్యాలయం 'టిల్ 30 జూన్' తెరిచి ఉంటుంది అంటే అప్పటిదాకా ప్రతిదినమూ తెరిచి ఉంటుందని. రాసేముందు తెలుగులో ఒకసారి అనుకొంటే చాలు: 'లోగా' అయితే 'బై', 'దాకా' అయితే 'టిల్'.

మూడవ చోటు 'బై', 'విత్'. కర్మణి వాక్యంలో పని చేసినవానికి తెలుగులో 'చేత' వస్తుంది. పనిముట్టుకు 'తో' వస్తుంది. ఇంగ్లీషులో చేసినవానికి 'బై', పనిముట్టుకు 'విత్'. మీ చరిత్ర పుస్తకంలోని సంగతే చూడండి. 1911 జూన్ 17వ తేదీన మణియాచ్చి రైలు స్టేషన్లో కలెక్టరు ఆష్ వాంచినాథన్ చేత తుపాకితో కాల్చబడ్డాడు. 'ఆష్ వాస్ షాట్ బై వాంచినాథన్ విత్ ఎ పిస్టల్.' 'చేత' ఉన్నచోట 'బై', 'తో' ఉన్నచోట 'విత్' చక్కగా కూర్చున్నాయి. 'ఐ రోట్ ది లెటర్ బై ఎ పెన్' అని రాసే పిల్లవాణ్ణి 'కలం చేత రాశావా, కలంతో రాశావా?' అని అడగండి. తానే దిద్దుకొంటాడు.

ఒక్క దారి చీలే చోట్లు

ఇక రెండవ తెగ. ఇక్కడ మన భాషలో ఒక్క మాట ఉంటే ఇంగ్లీషులో రెండు మూడు ఉంటాయి. తెలుగు సగం దారి మాత్రమే చూపుతుంది. మిగిలిన సగానికి మనం మరొక ప్రశ్న వేసుకోవాలి.

వీటిలో మొదటిది 'నుండి'. 'సోమవారం నుండి జ్వరం', 'మూడు రోజుల నుండి జ్వరం' అని రెండింటికీ ఒకే మాట వాడతాం. ఇంగ్లీషులో మొదటిది 'సిన్స్ మండే', రెండవది 'ఫర్ త్రీ డేస్'. 'సిన్స్ త్రీ డేస్' అనే తప్పు వినపడని కార్యాలయం దక్షిణదేశంలో ఉండదు. ఆరంభమైన క్షణాన్ని చెబితే 'సిన్స్', గడిచిన కాలపు కొలతను చెబితే 'ఫర్' అని పుస్తకాలు చెబుతాయి. పిల్లవానికి అది వెంటనే ఎక్కదు. అతనికి నేను ఒక తెలుగు పరీక్ష చెబుతాను. 'నుండి' తీసివేసి 'గా' పెట్టి చూడు. 'మూడు రోజులుగా జ్వరం' అనవచ్చు. కనుక అక్కడ 'ఫర్'. 'సోమవారంగా జ్వరం' అని ఎవరూ అనరు. కనుక అక్కడ 'సిన్స్'. ఈ పరీక్ష అయిదో తరగతి పిల్లవాడు కూడ చేయగలడు.

దీనితోపాటు క్రియను కూడ గమనించాలి. మనం 'అయిదేండ్లుగా ఇక్కడ చదువుతున్నాడు' అని వర్తమానంలో చెబుతాం. అందువల్ల పిల్లవాడు 'హి ఈజ్ స్టడీయింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అంటాడు. ఇంగ్లీషులో 'హి హాజ్ బీన్ స్టడీయింగ్' అనాలి. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి వారు వేరే క్రియారూపం పెట్టుకొన్నారు. ఇక 'తొమ్మిది నుండి నాలుగు వరకు బడి' అని రెండు కొసలూ చెప్పేటప్పుడు 'ఫ్రమ్ నైన్ టు ఫోర్'. ఇలా ఒక్క 'నుండి' మూడుగా చీలింది.

రెండవది దిక్కులను చెప్పే 'న'. ఇది మన ఊళ్ళను తలచుకొంటే బాగా తెలుస్తుంది. 'విరుదునగరం కోవిల్‌పట్టికి ఉత్తరాన ఉన్నది', 'విరుదునగరం జిల్లా తూత్తుకుడి జిల్లాకు ఉత్తరాన సరిహద్దుగా ఉన్నది', 'కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లా ఉత్తర భాగాన ఉన్నది' అని మూడు వాక్యాలు. మూడింటిలోనూ 'న' ఒక్కటే. ఇంగ్లీషువాడు ఇక్కడ మరొక ప్రశ్న వేస్తాడు: లోపలా, అంచునా, బయటా? బయట దూరంగా ఉంటే 'టు': విరుదునగర్ ఈజ్ టు ది నార్త్ ఆఫ్ కోవిల్‌పట్టి. అంచును తాకుతూ ఉంటే 'ఆన్': ఆ జిల్లాకు విరుదునగర్ జిల్లా 'ఆన్ ది నార్త్'. లోపలే ఉంటే 'ఇన్': కోవిల్‌పట్టి ఈజ్ ఇన్ ది నార్త్ ఆఫ్ తూత్తుకుడి డిస్ట్రిక్ట్. భూగోళ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు గోడమీది పటాన్ని చూపి ఈ మూడింటినీ పది నిమిషాలలో నేర్పవచ్చు.

మూడవది, అన్నిటికంటె విస్తారమైనది, స్థలాన్ని చెప్పే 'లో'. ఇక్కడ మన పిల్లలకు రెండింతల చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు 'లో' అంటుంది. వీథిలో తమిళం 'ఇల్' అంటుంది. తమిళ 'ఇల్' మన 'లో' కంటె ఇంకా విశాలమైనది. అందువల్ల రెండు భాషలూ కలిసి పిల్లవాణ్ణి 'ఇన్' వైపే నెడతాయి.

పెద్ద ఊళ్ళకు 'ఇన్', చిన్న ఊళ్ళకు 'ఎట్' అని పాత వ్యాకరణాలు చెప్పేవి. ఎంత పెద్దదైతే పెద్ద ఊరు? కోవిల్‌పట్టి పెద్దదా, చిన్నదా? ఈ కొలతతో తగవు తీరదు. దానికంటె మంచి కొలత ఒకటి ఉన్నది. మాట్లాడేవాడు ఆ చోటును ఏ ఆకారంగా చూస్తున్నాడు? ఒక చుక్కగానా, ఒక గీతగానో తలంగానో చూస్తున్నాడా, ఒక గదివలె చుట్టూ హద్దులున్నదిగానా? చుక్క అయితే 'ఎట్', గీత గాని తలం గాని అయితే 'ఆన్', గది అయితే 'ఇన్'.

మదురై నుండి తిరునెల్వేలి వైపు వెళ్ళే రైలు మార్గాన్ని తలచుకోండి. విరుదునగరం, సాత్తూరు, కోవిల్‌పట్టి, మణియాచ్చి ఆ దారిలో వరుసగా చుక్కలు. కనుక రైలు 'ఎట్ సాత్తూర్' ఆగుతుంది. కాని మా మేనమామ ఆ ఊరిలో ఇల్లు కట్టుకొని ఉన్నాడు. ఆయనకు అది చుక్క కాదు, చుట్టూ వీథులున్న ఊరు. కనుక 'మై అంకుల్ లివ్స్ ఇన్ సాత్తూర్'. ఒకే ఊరు, రెండు చూపులు. రైల్వే లైను గీత, రహదారి గీత. కనుక 'కోవిల్‌పట్టి ఈజ్ ఆన్ ది హైవే'. తూత్తుకుడి సముద్రపు అంచు గీతమీద ఉన్నది కనుక 'ఆన్ ది కోస్ట్'. ప్లాట్‌ఫారం తలం కనుక 'ఆన్ ది ప్లాట్‌ఫామ్'. ఎవరినైనా కలుసుకొనే చోటు చుక్క కనుక 'ఎట్ ది బస్ స్టాండ్'.

వాహనాల విషయంలో మాత్రం ఆకారపు సూత్రం కొంత పక్కకు పోతుంది. కారులో కూర్చున్నవాడు 'ఇన్ ది కార్'. బస్సులో, రైలులో ప్రయాణిస్తున్నవాడు సాధారణంగా 'ఆన్ ది బస్', 'ఆన్ ది ట్రెయిన్'. నిలబడి నడవగల వాహనానికి 'ఆన్', వంగి దూరి కూర్చోవలసిన దానికి 'ఇన్' అని గుర్తు పెట్టుకోవచ్చు. ప్రయాణ సాధనమేదో మాత్రమే చెప్పదలిస్తే మధ్యలో 'ఎ' గాని 'ది' గాని లేకుండా 'బై బస్', 'బై ట్రెయిన్' అనాలి. 'కాలినడకన' మాత్రం 'ఆన్ ఫుట్'. మన 'న' ఇక్కడ మరల 'ఆన్' వైపే చూపడం వేడుకగా ఉన్నది.

నాలుగవది 'మధ్య'. ఇద్దరి మధ్య అయితే 'బిట్వీన్', పలువురి మధ్య అయితే 'అమాంగ్' అని మనకు నేర్పారు. అది చాలవరకు సరి. 'కోవిల్‌పట్టి ఈజ్ బిట్వీన్ విరుదునగర్ అండ్ తిరునెల్వేలి'. 'మిఠాయి పిల్లలందరి మధ్య పంచాడు' అంటే 'అమాంగ్ ది చిల్డ్రన్'. అయితే ఇద్దరికంటె ఎక్కువమంది ఉన్నా, ఒక్కొక్కరినీ వేరువేరుగా లెక్కిస్తే 'బిట్వీన్' వాడవచ్చు. మూడు దేశాల మధ్య ఒప్పందం 'బిట్వీన్ త్రీ కంట్రీస్' అవుతుంది. గుంపుగా చూస్తే 'అమాంగ్', విడివిడిగా చూస్తే 'బిట్వీన్' అన్నది అసలు సూత్రం.

ఈ సందర్భంలోనే 'బిసైడ్', 'బిసైడ్స్' అనే జంటను కూడ తలచుకోవాలి. చివరి ఒక్క ధ్వనితో అర్థం మారుతుంది. 'బిసైడ్' అంటే పక్కన. 'బిసైడ్స్' అంటే అదిగాక, దానితోపాటు. 'బిసైడ్స్ టమిల్, షి నోస్ తెలుగు' అంటే తమిళంతోపాటు తెలుగు కూడ వచ్చునని. 'తప్ప' అని చెప్పదలిస్తే 'ఎక్సెప్ట్' అనాలి. 'తోపాటు'కూ 'తప్ప'కూ ఎంత దూరమో వేరుగా చెప్పనవసరం లేదు.

తెలుగు దారి చూపలేని చోట్లు

మూడవ తెగకు వద్దాం. కొన్ని ఇంగ్లీషు మాటలు తమ వెంట ఒక నిర్ణీతమైన ప్రిపొజిషన్‌ను తెచ్చుకొంటాయి. అక్కడ తర్కం పనిచేయదు. జంటగా గుర్తు పెట్టుకోవాలి. పెండ్లి అయిన జంటను విడదీసి ఒక్కరినే పిలిచే మర్యాద మనకు లేదు కదా, అలాగే వీటిని కూడ జంటగానే పిలవాలి.

పెండ్లి మాటతోనే చూడండి. 'ఆమెతో వివాహమైనది' అంటాం కనుక పిల్లవాడు 'మ్యారీడ్ విత్' అంటాడు. 'మ్యారీడ్ టు' అనాలి. 'నామీద కోపం' కనుక 'యాంగ్రీ ఆన్ మి' అంటాడు. 'యాంగ్రీ విత్ మి' అనాలి. 'లెక్కలలో గట్టివాడు' కనుక 'గుడ్ ఇన్ మ్యాథమెటిక్స్' అంటాడు. 'గుడ్ ఎట్ మ్యాథమెటిక్స్' అనాలి. పాము 'అంటే' భయం అంటాం. అక్కడ విభక్తే లేదు. ఇంగ్లీషులో 'అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్'.

'కంటె' అనగానే 'దాన్' గుర్తుకు వస్తుంది. సాధారణంగా అది సరి. కాని 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్‌ఫీరియర్' అనే మాటలు లాటిన్ నుండి వచ్చిన తారతమ్య రూపాలు. వీటికి 'టు' రావాలి: 'హి ఈజ్ సీనియర్ టు మి'. 'ప్రిఫర్' అనే క్రియకు కూడ అంతే: కాఫీ కంటె టీ ఇష్టమైతే 'ఐ ప్రిఫర్ టీ టు కాఫీ'.

మరికొన్ని క్రియలకు ప్రిపొజిషనే అక్కరలేదు. 'ఆ విషయాన్ని గురించి చర్చించాము' అంటాం కనుక 'వి డిస్కస్డ్ అబౌట్ ది మ్యాటర్' అని రాస్తాం. 'డిస్కస్' అనే మాటలోనే 'గురించి' ఇమిడి ఉన్నది. 'వి డిస్కస్డ్ ది మ్యాటర్' చాలు. 'గదిలోకి ప్రవేశించాడు' కనుక 'ఎంటర్డ్ ఇంటు ది రూమ్' అంటాం. 'ఎంటర్డ్ ది రూమ్' చాలు. 'మదురైకి చేరాడు' కనుక 'రీచ్డ్ టు మదురై' అంటాం. 'రీచ్డ్ మదురై' చాలు. ఇక్కడ మన ప్రత్యయాలు దయతో ఒక మాట ఎక్కువ ఇస్తున్నాయి. ఆ దయను మనం వద్దనాలి.

ఈ తెగలోని మాటలు లెక్కకు మించి ఉన్నా, ఒక విద్యార్థికి నిత్యం అవసరమైనవి వందకు మించవు. నోటు పుస్తకం చివర రెండు పేజీలు వీటికి కేటాయించి, రోజుకొక జంట చొప్పున రాసుకొంటే ఒక విద్యా సంవత్సరంలో పూర్తి అవుతాయి. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడ ఈ మాటలలో అన్నిచోట్లా ఏకాభిప్రాయంతో లేరని పిల్లలకు చెప్పండి. ఇంగ్లండులో 'ఎట్ ది వీకెండ్' అంటే అమెరికాలో 'ఆన్ ది వీకెండ్' అంటారు. కనుక తప్పు దొర్లినప్పుడు సిగ్గుతో నోరు మూసుకోనక్కరలేదు.

తేలినది ఏమిటి?

పెద్దలారా, ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెలుగు ఇంగ్లీషుకు అడ్డా? మూడు తెగలనూ చూశాం. మొదటి తెగలో తెలుగు తెలిసినవానికే మేలు జరిగింది. 'లోగా'కూ 'దాకా'కూ భేదం తెలిసినవాడు 'బై'నూ 'టిల్'నూ సులభంగా గ్రహిస్తాడు. రెండవ తెగలో తెలుగు సగం దారి చూపి, ఒక పరీక్షను కూడ చేతికిచ్చింది. మూడవ తెగలో మాత్రమే తెలుగు పిల్లవాణ్ణి పక్కదారి పట్టించింది. ఆ తెగలో తమిళ బాలుడూ, కన్నడ బాలుడూ కూడ తప్పుతారు. కనుక తప్పులకు కారణం తెలుగు రావడం కాదు. తన తెలుగులో తాను ఏ ప్రత్యయం ఎందుకు వాడుతున్నాడో పిల్లవానికి తెలియకపోవడం.

ఇంటి భాష మరొక భాషకు అడ్డు కాదనడానికి సాక్ష్యం వెదుకుతూ దూరం పోనక్కరలేదు. కోవిల్‌పట్టి దాపున ఉన్న ఇడైసేవల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ బడి చదువు ఎక్కువగా చదవలేదు. ఆయన తమిళ సాహిత్యంలో ఈ కరిసల్ నేలకు గొంతునిచ్చిన రచయిత అయ్యారు. ఈ ప్రాంతపు వాడుక మాటలకు నిఘంటువు కూర్చారు. తెలుగు నేల నుండి వలసవచ్చిన మన పూర్వుల కథతో 'గోపల్ల గ్రామం' అనే నవల రాశారు. దాని తరువాతి భాగమైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన కన్నుమూసినప్పుడు తమిళలోకమంతా దుఃఖించింది. ఇంట్లోని తెలుగు ఆయన తమిళానికి అడ్డు రాలేదు. దానికి బలమే ఇచ్చింది. రాజపాళయంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన కుమారస్వామి రాజా గారు 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించారు. ఇంటి భాష ఆయనకూ అడ్డు రాలేదు.

అందుచేత మూడు మనవులతో ముగిస్తాను.

ఉపాధ్యాయులకు మొదటి మనవి. తెలుగు వ్యాకరణ పాఠాన్నీ ఇంగ్లీషు వ్యాకరణ పాఠాన్నీ వేరువేరు గదులలో బంధించకండి. తెలుగు పండితులు విభక్తులు చెప్పిన వారమే ఇంగ్లీషు ఉపాధ్యాయులు ప్రిపొజిషన్లు చెబితే, ఒక దీపంతో రెండు గదులు వెలుగుతాయి. ఉదాహరణలకు లండను వీథులు అక్కరలేదు. మన రైలు వేళల పట్టిక, మన జిల్లా పటం, మన బజారు చీటీ చాలును.

తల్లిదండ్రులకు రెండవ మనవి. ఇంట్లో తెలుగు మానివేసి, రాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడడం వలన రెండూ చెడతాయి. ఇంట్లో నిండైన తెలుగు వాక్యాలు మాట్లాడండి. బిడ్డ చేత రోజూ ఒక పేజీ తెలుగు బయటికి చదివించండి. వాక్యపు కట్టుబాటు ఒక భాషలో చెవికి పట్టితే, రెండవ భాషలో అది త్వరగా పట్టుబడుతుంది.

పూర్వ విద్యార్థులకు మూడవ మనవి. మీలో పలువురు వ్యాపారాలలో, కార్యాలయాలలో, విదేశాలలో ఇంగ్లీషుతోనే నిత్యం పని చేస్తున్నారు. మీరు చదివినది తెలుగులోనే అని ఇక్కడి పిల్లలకు వచ్చి చెప్పండి. నెలకొక శనివారం ఒక గంట కూర్చొని, వారు రాసిన ఉత్తరాలు, దరఖాస్తులు దిద్దండి. ఈ భవనానికి మీరిచ్చే విరాళం ఎంత విలువైనదో, ఆ గంట కూడ అంత విలువైనదే.

ఇంకొక ఇరవై అయిదేండ్లకు ఈ పాఠశాల శతజయంతి వస్తుంది. ఆనాటికి ఇక్కడ తెలుగులో పాఠం చెప్పే గది ఉండాలంటే, నేటి తల్లి గడపలో అడిగే ప్రశ్నకు నేటి ఉపాధ్యాయుడు ధైర్యంగా సమాధానం చెప్పగలగాలి. "అమ్మా, ఇక్కడ తెలుగు బాగా నేర్పుతాం, కనుకనే ఇంగ్లీషు కూడ బాగా వస్తుంది" అని చెప్పగలిగే రోజు ఈ పాఠశాలకు ఎల్లప్పుడూ ఉండుగాక అని కోరుతున్నాను.